పెద్ద కాడ ముట్టుకోకు

మొక్కలు కత్తిరించిన రోజు సొలెదాద్ ఇంట్లో పొయ్యి మీద రెండు గిన్నెలు ఉండేవి. ఒకదాంట్లో శనగలు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. నీళ్లు తెర్లగానే ఆ గిన్నె గుడ్డతో పట్టుకుని లోగిట్లోకి వచ్చి, ఇనప బకెట్లో పోగేసిన జెరేనియం కొమ్మల మీద ఒంపేది. ఆవిరి లేచి ఆకులు నల్లబడేవి. బావి చుట్టూ పచ్చి వాసన కమ్మేది. ఆ తర్వాతగానీ బకెట్టు వీధి చివర చెత్తడబ్బా దాకా వెళ్లేది కాదు. భర్త ఎలాదియో బతికున్నన్నాళ్లూ దాన్ని ముక్కు మూసుకుని మోశాడు. దారిలో ఎవరైనా ఏమిటని అడిగితే పూల చారు అని చెప్పేవాడు.

జెరేనియం కొమ్మ మొండిది. చెత్తలో పడి రెండ్రోజులు ఎండినా, ఎవరో ఒకరు తీసి మట్టిలో గుచ్చితే లేచి నిలబడుతుంది. అందులోనూ కొర్దోబా ఊళ్లో పక్కవాళ్ల లోగిట్లోకి వెళ్లి, వాళ్లను మాటల్లో పెట్టి, ఒక కొమ్మ గిల్లి సంచిలో వేసుకోవడం తప్పు కింద జమ కాదు. అడిగి తెచ్చుకున్నదాని కంటే గిల్లి తెచ్చుకున్నదే త్వరగా వేరు పోస్తుందని అక్కడ అందరి నమ్మకం. చర్చి ఫాదర్లు గిల్లుతారు, పోలీసుల పెళ్లాలు గిల్లుతారు. దాన్ని దొంగతనం అన్నది సొలెదాద్ ఒక్కతే.

అదీ ఒక్క రకం విషయంలోనే. మిగతా నాలుగు వందల తొట్లలోంచి ఎవరేం పట్టుకుపోయినా ఆమె అంతగా పట్టించుకునేది కాదు. ఆ ఒక్కటి మాత్రం తల్లి విసెంతా నుంచి వచ్చింది. తెల్లటి రేకు, దాని అంచున దానిమ్మ గింజ రంగులో సన్నటి గీత, గొంతులో అదే రంగు చుక్క. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. విసెంతా కొండల్లోని పుట్టింటి నుంచి దాన్ని తడి రుమాల్లో చుట్టి, కంచరగాడిద మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చిందని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. మే నెలలో లోగిళ్ల పోటీ జరిగే రెండు వారాలూ సొలెదాద్ ఆ కథను అట్టముక్క మీద రాసి గుమ్మం దగ్గర నిలబెట్టేది. జనం వరసలో నిలబడి అది చదివి, లోపలికొచ్చి, బావి వెనక గోడ మీద రెండు నిలువుల ఎత్తున వేలాడే ఆ పదకొండు తొట్లనూ మెడలు వెనక్కి వాల్చి చూసేవాళ్లు. అంత ఎత్తున కట్టింది ఎవరి చేతికీ అందకూడదనే. నీళ్లు పోయాలంటే పొడవాటి కర్ర చివర డబ్బా కట్టి, నింపి, పైకెత్తి ఒంపాలి. రోజుకు రెండుసార్లు చొప్పున ముప్ఫై ఒక్క ఏళ్లు ఆమె అలాగే పోసింది. కుడి భుజాన్ని తినేసింది ఆ ఎత్తే.

పోటీ రోజుల్లో ఆమె బావి పక్కన కుర్చీ వేసుకుని, ఆ కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎవరి చెయ్యి లేచినా కర్ర లేచేది. పేటలో ఆమెకు లోగిలి పోలీసు అని పేరు పడింది. పోటీలో ఉన్న ఇళ్లన్నీ ఒకే వేళకు తెరిచి, ఒకే వేళకు మూయాలి. అందుకని ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క మే నెలలోనూ ఆమె ఇంకొకరి లోగిలి చూడలేదు.

కిందటి సెప్టెంబర్లో ఆ భుజానికి ఆపరేషన్ అయింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చింది. మొక్కలకు నీళ్లు పోసే పని ఆడపడుచు కాందెలారియా తీసుకుంది. బట్టల కొట్లో నలభై ఏళ్లు నిలబడి పనిచేసి విరమించిన మనిషి. రెండు వీధుల అవతలే ఉంటుంది. ఒక్క పూట కూడా తప్పకుండా పోసింది. ఆ రోజుల్లోనే గోధుమరంగు చిట్టి సీతాకోకచిలుక ఒకటి ఆకుల అడుగున గుడ్లు పెట్టింది. దాని పురుగు కాడలో దూరి లోపల్నుంచి తొలుచుకుంటూ పోతుంది. పైకి చూస్తే మొక్క పచ్చగానే ఉంటుంది. సొలెదాద్ చెయ్యి మెడకు కట్టుకుని ఇంటికొచ్చి, నిచ్చెనేయించి ఒక తొట్టి దింపించి, కాడ పట్టుకుంటే అది గడ్డిపోచలా నలిగిపోయింది. చుట్టుపక్కల గోడల మీదివి చాలావరకు దక్కాయి. బావి వెనక గోడ మీది పదకొండూ పోయాయి.

ఇంకో ఇంట్లో ఒక్క కొమ్మ ఉన్నా ఆ పువ్వు బతికుండేది. ఎక్కడా ఒక్కటీ లేకుండా ముప్ఫై ఒక్క ఏళ్లు కాపలా కాసింది తనే.

ఈ ఏడు ఆమె గోడలకు సున్నం వేయించలేదు. పోటీ కాగితాలు నింపలేదు. బావి వెనక ఇనప కొక్కేలు ఉత్తవిగా మిగిలాయి. ఎందుకు తెరవవని ఆడపడుచు అడిగితే, అమ్మ పువ్వు లేకుండా జనాన్ని పిలిచి చూపించడానికి ఏముంది, నా భుజమా అంది. ఆ పువ్వు దొరికితే తలుపు తీస్తాను, లేకపోతే ఇక తీయను అని కూడా అంది.

కానీ చలికాలం పొడుగునా ఒక ఆలోచన ఆమెను పట్టుకుని వదల్లేదు. వేల మంది వచ్చి వెళ్లిన ఇల్లు. తను నిద్రపోయిన మధ్యాహ్నాలున్నాయి, జ్వరపడ్డ రోజులున్నాయి, ఎలాదియో ఒక్కడే కాపలా ఉన్న గంటలున్నాయి. ఎవరో ఒకరు గిల్లే ఉంటారు. ఎవరూ గిల్లకూడదని అన్నేళ్లు దేవుడికి మొక్కిన మనిషి, ఎవరో ఒక దొంగ ఉండి ఉండాలని మొక్కడం మొదలుపెట్టింది.

పోటీ రెండో శనివారం పొద్దున సొలెదాద్ వెళ్లి కాందెలారియా ఇంటి తలుపు తట్టి, ఊరు చూసొద్దాం వస్తావా అని అడిగింది.

కాందెలారియాకు నమ్మకం కుదరడానికి కొంచెంసేపు పట్టింది. కుదిరాక తెల్ల బూట్లు తొడుక్కుంది, టోపీ పెట్టుకుంది, విదేశీయులకు పంచే పెద్ద మ్యాపు చంకలో పెట్టుకుంది. ఈ ఊరు చూడ్డానికి జనం విమానాలెక్కి వస్తున్నారు, మనకి బూట్లు తొడుక్కుంటే చాలుగదా అంది. సొలెదాద్ చేతిలో నల్లటి పెద్ద సంచి ఉంది. అందులో ఏముందని అడిగితే మందులంది.

మొదటి ఇల్లు సొంత పేటలోనే, సాంతా మరీనా చర్చి వెనక. వరస వీధి మలుపు దాకా ఉంది. సొలెదాద్‌కు వరసలో నిలబడడం రాదు. అవతలి వైపు నుంచి తప్ప దాన్నెప్పుడూ చూసి ఎరగదు. ఇలా ఎండలో, గోడ నీడ జానెడు దొరికితే దాన్లో ఒదిగి, ముందున్నవాళ్ల వీపులు చూస్తూ అరగంట నిలబడి జనం తన ఇంట్లోకి వచ్చేవాళ్లా అనుకుంది. ముందున్న ఒకావిడ ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చింది. వెనక్కి తిరిగి, లోగిలి అంటే ఏమిటో, వేసవిలో ఇల్లు చల్లబడడానికి పాతకాలం వాళ్లు ఎలా కట్టుకున్నారో సొలెదాద్‌కు వివరంగా చెప్పింది. సొలెదాద్ చివరిదాకా విని, తెలియని విషయం చెప్పారండీ అంది. కాందెలారియా టోపీ ముఖం మీదికి లాక్కుంది.

లోపల అంతా బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ఆమెకు కష్టంగా ఉంది. కుండలన్నీ ఒకే నీలం. మెట్లకు రెండువైపులా పూలు. ఒక పడుచు జంట పెంచుతున్నారట. నీళ్లు ఎక్కువ పోస్తున్నారని ఆకుల రంగు చూస్తేనే తెలుస్తోంది. ఆమె గోడ గోడా వెతికింది. అమ్మ పువ్వు కనబడలేదు. వచ్చేస్తూ వచ్చేస్తూ ఒక తొట్టిలో ఎండుటాకు కనబడితే అలవాటుగా చెయ్యి వెళ్లింది.

గుమ్మం దగ్గర జనాన్ని లెక్కపెట్టే పిల్ల పరుగున వచ్చింది.

"అమ్మా, మొక్కలు ముట్టుకోకూడదండీ."

"ఎండుటాకమ్మా."

"ఎండుటాకైనా సరేనండీ. అందరూ అలాగే అంటారు."

కాందెలారియా వీధిలోకి వచ్చి గోడ పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ముప్ఫై ఒక్క ఏళ్ల పాపం ఇవాళ్టికి పండింది వదినా అంది.

ఆ పొద్దున ఇంకో నాలుగు ఇళ్లు చూశారు. సొలెదాద్ వెతకడానికే బయల్దేరింది గానీ, కళ్లు మాట వినలేదు. ఒక ఇంట్లో బావి చప్టా మీద తులసి లాంటి చిన్నాకుల మొక్క వరసగా పెట్టారు, దోమలు రాకుండా. ఆ ఉపాయం తనకెన్నడూ తట్టలేదు. ఇంకో ఇంట్లో పాత ఇత్తడి గిన్నెలు గోడకు తగిలించి మధ్యలో తెల్ల పూలు మాత్రమే పెట్టారు. మరోచోట ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఆయనవి ముప్ఫై కుండలే. ఒక్కో కుండ దగ్గరా ఆగి, అది ఎవరిచ్చారో చెబుతున్నాడు. ఇది మా చెల్లెలిది, ఇది పోయిన మా పక్కింటి ఆయనది, ఇది నేను జైలు అధికారి ఇంట్లో గిల్లింది అని. జనం నవ్వుతున్నారు. సొలెదాద్‌కు ఆ ఇంట్లోంచి కదలబుద్ధి కాలేదు. ఆయన దగ్గరున్న ముప్ఫై కుండల వెనకా ముప్ఫై మంది ఉన్నారు. తన నాలుగు వందల వెనక తనొక్కతే ఉంది.

ఐదో ఇల్లు అరసేలిది. ఇరవై ఏళ్లలో నాలుగుసార్లు సొలెదాద్ చేతిలోంచి మొదటి బహుమతి లాక్కున్న మనిషి. ఎవరైనా గిల్లి ఉంటే ఈవిడే గిల్లి ఉంటుందని సొలెదాద్ చలికాలమంతా ఆశ పెట్టుకుంది. అరసేలి గుమ్మం దగ్గరే కనబడింది.

"రా రా, పోలీసమ్మా. తనిఖీకా?"

సొలెదాద్ పలకరించీ పలకరించనట్టు పలకరించి లోపలికి నడిచింది. నాలుగు గోడలూ చూసింది, పై వరండా చూసింది, మెట్ల కింద వంగి చూసింది. అరసేలి వెనకే నడిచింది. కాసేపయ్యాక గొంతు తగ్గించింది.

"లేదు. వెతక్కు. సెప్టెంబర్ సంగతి విన్నాను."

సొలెదాద్ తిరిగి చూసింది.

"మూడేళ్లు వరసగా నీ చెత్తడబ్బా దగ్గర కాపు కాశాను, సొలెదాద్. మూడేళ్లూ దొరికింది ఉడికిన ఆకుకూరే. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఇచ్చుంటే, ఇవాళ నీకు రెండు చేసి ఇచ్చేదాన్ని."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే సొలెదాద్ జవాబు చెప్పగలిగేది. అరసేలి మంచినీళ్లు తెచ్చిచ్చింది. సొలెదాద్ ఆ గ్లాసు ఖాళీ చేసి, నీ మల్లె బాగా వచ్చిందని మాత్రం చెప్పి బయటికొచ్చింది. అరసేలి దగ్గర లేదంటే ఊళ్లో ఎక్కడా లేనట్టే.

మధ్యాహ్నం ఇళ్లన్నీ మూసుకున్నాక నది వైపు సందులో ఒక చిన్న హోటల్లో కూర్చున్నారు. చల్లటి టమాటా గుజ్జు, పైన ఉడికిన గుడ్డు తరుగు, రొట్టె. సొలెదాద్ చెంచా కదిలించలేదు. కళ్లజోడు కోసం సంచిలో చెయ్యి పెట్టి లాగితే అదీ ఇదీ బయటపడ్డాయి. తడి గుడ్డ, పాత వార్తాపత్రిక, ప్లాస్టిక్ కవరు, ఎలాదియో వెండిపనికి వాడిన సన్నటి చాకు.

కాందెలారియా ఒక్కొక్కటే చూసింది.

"నువ్వు ఊరు చూడ్డానికి రాలేదు వదినా. దొంగతనానికి బయల్దేరావు."

"నా ఇంటికొచ్చిన వాళ్లంతా అందుకేగా వచ్చింది."

"వాళ్లకి దొరకలేదుగా."

సొలెదాద్ నవ్వలేదు. కాందెలారియా రొట్టె పక్కన పెట్టింది. సెప్టెంబర్ నుంచీ నాలిక చివర ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది. ఆకు తిరగేసి చూడాలని నాకు తెలీదు వదినా, తెలిస్తే రోజూ చూసేదాన్ని, ఒక్క మాట చెప్పలేకపోయావా అంది.

సొలెదాద్ చాకును గుడ్డలో చుట్టింది. మళ్లీ విప్పింది.

"చెబుదామనుకున్నా. ఆకులు తిరగేస్తే ఎక్కడ గిల్లుతావోనని చెప్పలేదు. నీళ్లు పోయి, ముట్టుకోకు అన్నాను. గుర్తుందా?"

కాందెలారియాకు గుర్తుంది. రొట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత ఆడపడుచు, గిల్లేదాన్నే వదినా, అంత తప్పుగా ఏమీ అనుకోలేదు నువ్వు అంది. ఆ మాటకు సొలెదాద్‌కు నవ్వొచ్చింది, కళ్లు తడిశాయి. చెంచా తీసుకుని గిన్నె ఖాళీ చేసింది.

ఇక ఇంటికి పోదామంది. కాందెలారియా ఒప్పుకోలేదు. బూట్లు తొడుక్కున్నాక సగం ఊరు చూసి వెనక్కి పోయేది లేదంది. సాయంత్రం ఆరింటికి గానీ ఇళ్లు మళ్లీ తెరవరు. అప్పటిదాకా నీడ కావాలి కాబట్టి, ఒకప్పుడు మసీదుగా కట్టి తర్వాత చర్చి అయిన ఆ మహా కట్టడంలోకి లాక్కెళ్లింది. సొలెదాద్ పెళ్లయిన కొత్తలో వచ్చింది, మళ్లీ ఇప్పుడే. లోపల చల్లగా, చీకటిగా ఉంది. స్తంభాల వెనక స్తంభాలు. వాటి మీద తెలుపూ ఎరుపూ చారల వంపులు, ఆ వంపుల మీద మళ్లీ వంపులు. ఆమె ఒక స్తంభం కింద బల్ల మీద కూర్చుని బూట్లు వదులు చేసుకుంది. పక్కనే ఒక గైడు తన గుంపుకు చెబుతున్నాడు. ఈ స్తంభాలు చాలావరకు ఇక్కడి కోసం చెక్కినవి కావట, అంతకుముందు కాలాల పాత కట్టడాల్లోంచి తెచ్చి నిలబెట్టారట, అందుకే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఏ రెండూ ఒక రంగు కావు అని.

"అంటే ఇదీ గిల్లుకొచ్చిందేనన్నమాట," అంది కాందెలారియా.

సొలెదాద్ ఆ స్తంభం మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా, నున్నగా ఉంది. ఎక్కడిదైనా వెయ్యేళ్ల పైన ఇక్కడ బరువు మోస్తోంది కదా అనిపించింది.

ఆరింటికి సాన్ బసీలియో పేటకు నడిచారు. అది పాత కోట గోడ పక్క పేట. తెల్లటి పొట్టి ఇళ్లు. సొలెదాద్ వెతకడం మానేసింది. ఆడపడుచు ఎటు తీసుకెళ్తే అటు నడుస్తోంది. మూడో ఇంటి ముందు వరస కదిలి గుమ్మం దాకా వచ్చేసరికి ఆమె కాలు ఆగిపోయింది. గడపరాయి మధ్యలో గుంట. పక్క గోడలో బురద గీరుకునే ఇనప ముక్క. ఆ ఇనప ముక్కకు తను బూటు గీరుకుంది. ఆ గుంటలో పళ్లెం పడకుండా పక్కన పెట్టి బూటు తాడు కట్టుకుంది. ఏడెనిమిదేళ్ల వయసులో.

ఏటా ఈస్టర్ ముందు వారం తల్లి పిండి వేయించి, తేనెలో ముంచి, పెద్ద పళ్లేనికి ఎత్తి, గుడ్డ కప్పి ఈ ఇంటికి పంపేది. ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు. ఎందుకని అడిగితే, మనకి బట్టలుతికే పని ఇచ్చినవాళ్లు గదా అనేది. పని ఇచ్చిన ఇళ్లు ఇంకా పది ఉన్నాయి. వాటికి ఎప్పుడూ పంపలేదు. ఆ వయసులో సొలెదాద్‌కు ఆ ప్రశ్న తట్టలేదు.

లోపల బట్టలుతికే రాతి తొట్లు నాలుగు వరసగా ఉన్నాయి. పూర్వం ఆరు కుటుంబాలు కలిసి ఉన్న ఇల్లు. ఇప్పుడు తొట్ల నిండా మట్టి, పూలు. జనం గోడల వైపు, కెమెరాల వైపు చూస్తున్నారు. నాలుగో తొట్టి చివర, నేల మీద, అలంకారం ఏమీ లేకుండా తుప్పుపట్టిన ఆలివ్ నూనె డబ్బా ఒకటి ఉంది. అందులోంచి ఒక మొక్క పొర్లి కిందికి జారుతోంది. తెల్లటి రేకులు. అంచున దానిమ్మ రంగు గీత.

సొలెదాద్ ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. కాందెలారియా కళ్లు తిరుగుతున్నాయేమోనని కంగారుపడి, ఆమె చూసిన వైపు చూసి, తనూ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముందుగా వచ్చింది సంతోషం కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు. ఎవరు గిల్లారు? తొట్ల పక్కన పొట్టి జనప కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. తొంభై ఉంటాయి. చేతికర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని జనాన్ని చూస్తోంది. సొలెదాద్ తిన్నగా ఆవిడ దగ్గరికెళ్లింది.

"ఈ మొక్క మీకెక్కడిదండీ?"

"ఇక్కడిదే."

"ఇక్కడికి ఎక్కణ్నించి వచ్చిందని."

"నేను పుట్టకముందు మా అమ్మమ్మ పెట్టింది. పేటలో ఎవరూ దాన్ని చూడరు, నేల మీద ఉంటుందిగా." ముసలావిడ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. "గొంతు పోలీసులా ఉంది. ఎవరి పిల్లవే నువ్వు?"

సొలెదాద్ తల్లి పేరు చెప్పింది, సాంతా మరీనా పేట అని చెప్పింది. ముసలావిడ చప్పుడు కాకుండా చాలాసేపు నవ్వింది. భుజాలు కదులుతున్నాయి గానీ నోట్లోంచి గాలి తప్ప రావడం లేదు.

"విసెంతా. ఇదిగో ఈ నాలుగో తొట్టిలో ఉతికేది. పళ్లెం పట్టుకొచ్చే పిల్లవి నువ్వే కదూ? ఎడమ బూటు తాడు ఎప్పుడూ ఊడే ఉండేది."

ఆవిడ పేరు అంగుస్తియాస్. కుర్చీ చేతి మీద వేళ్లు ఆడిస్తూ నిదానంగా చెప్పింది. విసెంతా మంగళ, శుక్రవారాలు వచ్చి ఆరు కుటుంబాల దుప్పట్లూ ఉతికేది. ఒక వసంతంలో ఉతుకుతూ ఉతుకుతూ ఆ డబ్బా వైపు చూసేది. అడగలేదు. ఒక శుక్రవారం చుట్టూ చూసి, ఒక కొమ్మ తుంచి, తడి రుమాల్లో చుట్టి, పిండిన బట్టల మధ్య పెట్టుకుంది. పై వరండాలోంచి అంగుస్తియాసూ వాళ్లమ్మా చూస్తున్నారు. కిందికి దిగి పట్టుకుందామని అంగుస్తియాస్ కదిలితే, తల్లి చెయ్యి పట్టి ఆపింది. కడుపుతో ఉన్న మనిషి, కోరిక పుట్టింది, పోనీ అంది. పెద్ద కాడ ముట్టుకోకుండా ఉంటే చాలు అంది. విసెంతా ముట్టుకోలేదు. పక్క కొమ్మే తీసుకుంది. ఆ మరుసటి ఏడు నుంచి పళ్లెం రావడం మొదలైంది. ఎందుకొస్తోందో ఆమె చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

"ఆ కడుపులో ఉన్నది నువ్వే. అంటే ఆ దొంగతనంలో నీకూ వాటా ఉంది," అంది అంగుస్తియాస్.

తడి రుమాలు మాత్రం నిజమే. కొండలు లేవు, కంచరగాడిద లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అట్టముక్క మీద తను రాసి పెట్టిన కథలో మిగిలింది ఒక రుమాలు. సొలెదాద్ రాతి తొట్టి అంచు మీద కూర్చుంది. సిగ్గు వేయాలి. వేయలేదు. పాతికేళ్ల తల్లి, చేతులు సబ్బుతో ఉబ్బి, చుట్టూ చూసి, గబుక్కున తుంచుకోవడం కళ్లకు కట్టింది. తల్లిని ఎప్పుడూ అలా చూడలేదు. ఎప్పుడూ అలిసిపోయిన మనిషిగానే తెలుసు.

పురుగు సంగతి చెప్పింది. పదకొండు తొట్లూ చెప్పింది. మరిగే నీళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పింది. అప్పుడు అంగుస్తియాస్ ఆమె వైపు కొంచెం భయంగా చూసింది. ఇక మిగిలింది ఒక్క మాట. వేల మంది నోట తను విని, వేలసార్లు కాదన్న మాట.

"ఒక్క కొమ్మ ఇస్తారా?"

"ఇవ్వను," అంది ముసలావిడ.

సొలెదాద్ తల వంచుకుంది.

"ఇస్తే పట్టదు. మీ అమ్మకీ ఇవ్వలేదు." అంగుస్తియాస్ కర్ర నేల మీద ఊని మేనకోడల్ని పిలిచింది. "ఇనెస్, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లు. పొయ్యి మీద పాలున్నాయి."

"పాలెక్కడున్నాయి అత్తా, పొయ్యే వెలిగించలేదు."

"అయితే వెలిగించాలి. పద. అటు నడవడానికి నాకు అయిదు నిమిషాలు, ఇటు రావడానికి అయిదు."

ఇనెస్ ఒకసారి అత్తను, ఒకసారి సొలెదాద్ సంచిని చూసి, చెయ్యందించింది.

కాందెలారియా చంకలోంచి మ్యాపు తీసింది. పొద్దుట్నుంచీ మడత విప్పని ఆ మ్యాపును రెండు చేతులా దుప్పటిలా చాచి, నాలుగో తొట్టికీ జనానికీ మధ్య నిలబడి, దగ్గర్లో ఉన్న ఒక జర్మన్ కుటుంబాన్ని రోమన్ వంతెన ఎటు అని అడిగింది. ఆ వంతెనకు పది నిమిషాల దూరంలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్లు పాపం నలుగురూ కలిసి మ్యాపు మీద వేళ్లు పెట్టి ఓపిగ్గా వెతికిపెట్టారు.

సొలెదాద్ మోకాళ్ల మీద కూర్చుంది. మొక్క నేల మీదే ఉంది, చెయ్యి ఎత్తే పని లేదు. భుజం నొప్పి పెట్టలేదు. ఆకులు తిరగేసి చూసింది, శుభ్రంగా ఉన్నాయి. పక్క కొమ్మలు మూడు, కణుపు కింద, ఎలాదియో చాకుతో కోసింది. తడి గుడ్డలో చుట్టి, పైన కాగితం చుట్టి, సంచిలో నిలువుగా పెట్టి లేచేసరికి వంటింటి గుమ్మంలో కర్ర చప్పుడు వినబడింది.

అంగుస్తియాస్ కుర్చీలో కూర్చుని, డబ్బా వైపు చూసింది.

"పెద్ద కాడ ముట్టుకోలేదు కదా?"

"లేదండీ."

"మంచిది. ఈస్టర్‌కి తేనె కాస్త ఎక్కువ వెయ్యి. మీ అమ్మ తక్కువ వేసేది."

మూడింట్లో రెండు వేరు పోశాయి. మొదటిదాన్ని కన్నబిడ్డలా చూసుకుంది. రెండోది అరచేయంత అయ్యాక అరసేలి ఇంటికి తీసుకెళ్లింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్లీ నడిచింది. అరసేలి గుమ్మంలోనే నిలబడి కుండను అటూ ఇటూ తిప్పి చూసి, ఉడకబెట్టకుండా తెచ్చావే అంది. మరుసటి ఏడు ఈస్టర్ ముందు వారం సొలెదాద్ తేనె పిండివంట పళ్లెం పట్టుకుని ఊరి ఆ చివరకు నడిచి వెళ్లింది. డెబ్బై ఏళ్లకు రెండేళ్లు తక్కువ వయసులో ఎడమ బూటు తాడు చూసుకుంటూ గడప దాటింది.

మే వచ్చింది. గోడలకు సున్నం పడింది, తలుపులు తెరుచుకున్నాయి. అట్టముక్క మీద కొత్తగా రెండే వాక్యాలున్నాయి. ఇది విసెంతా సాన్ బసీలియో పేటలో ఒక శుక్రవారం గిల్లి తెచ్చిన పువ్వు. నీళ్లు పొద్దున, సాయంత్రం. తొట్టి బావి చప్టా మీదే, నడుం ఎత్తున ఉంది. కర్రా డబ్బా మిగతా గోడలకు, ఆ పని కాందెలారియాది.

మొదటి రోజు ఎవరో ఒకావిడ ఆ తొట్టి దగ్గర చాలాసేపు నిలబడింది. భుజాన పెద్ద సంచి. సొలెదాద్ లేచి, పొయ్యి మీద పాలున్నాయని ఆడపడుచుకు వినబడేలా చెప్పి వంటింట్లోకి వెళ్లింది. అయిదు నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడింది. తిరిగొచ్చి చూస్తే ఆవిడ లేదు, మొక్క మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. ఆ వారం నాలుగుసార్లు పాలు కాచింది. ఎవరూ ముట్టుకోలేదు. ముప్ఫై ఏళ్లు నువ్వు బెదరగొట్టిన జనం, ఒక్క వారంలో ఎలా మారతారు అంది కాందెలారియా.

ఎనిమిదో రోజు సాయంత్రం తలుపులు మూసే ముందు సొలెదాద్ నీళ్లు పోస్తూ వంగి చూసింది. వెనక వైపు, గోడ పక్క, ఒక కొమ్మ లేదు. కోత తాజాగా ఉంది. కణుపు కింద, ఏటవాలుగా, సన్నగా. పని తెలిసిన చెయ్యి. పెద్ద కాడను ముట్టుకోలేదు. ఆమె ఆ కోత మీద వేలు పెట్టి తడి చూసుకుంది. ఆ సంగతి కాందెలారియాకు వెంటనే చెప్పలేదు. శనగలు పొయ్యి మీంచి దింపి, ఇద్దరూ కంచాల ముందు కూర్చున్నాక చెప్పింది.